తాడివాక పురపాలక సంఘం వారి పెద్ద సంఖ్య

అరిగిపోయిన సబ్బుబిళ్ళను కొత్త సబ్బుకు అతికించాలా, పారెయ్యాలా అన్నదాని మీద భీమశంకరానికీ హైమవతికీ ఆ సోమవారం పొద్దున్నే మాటామాటా పెరిగింది.

"పారేశావా? ఇంకా నాలుగు స్నానాలు వచ్చేది!" అన్నాడు భీమశంకరం, తువ్వాలు చుట్టుకుని, నీళ్ళు కారే ఒంటితో వంటింటి గుమ్మంలో నిలబడి.

"నీళ్ళు వంటింట్లో కార్చకండి. అది సబ్బులా లేదు, పిప్పరమెంటు బిళ్ళలా ఉంది. పోనీ అతికిస్తే సరిగ్గా అతికిస్తారా? వంకరగా పెడతారు. మధ్యలో వెంట్రుకలు ఇరుక్కుంటాయి. ఆ దిక్కుమాలినదాన్ని చూస్తూ నేను స్నానం చెయ్యలేను."

"సబ్బుని చూస్తూ స్నానం చెయ్యమని ఎవరన్నారు?"

"ఒరేయ్ శంకరం," అంది వరండాలోంచి అతని తల్లి వెంకాయమ్మ, "నన్నడిగితే సున్నిపిండికి మించింది..."

"నిన్నెవరూ అడగలేదమ్మా!"

భీమశంకరం పంతానికి పోయి చెత్తబుట్ట వెతికాడు. కరివేపాకు రెబ్బల కింద సబ్బుబిళ్ళ దొరికింది. కడిగాడు, అతికించాడు, వంకరగానే అతికింది. గెలిచానన్న తృప్తితో ఆఫీసుకు బయల్దేరేసరికి పది నిమిషాలు ఆలస్యమైంది.

తాడివాక పురపాలక సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. మీటింగులో ఎవరికీ అక్కర్లేని పని ఏదైనా వస్తే, ఆ క్షణాన గదిలో లేనివాడికి దాన్ని అప్పగిస్తారు. లేనివాడు కాదనలేడు కదా. అందుకే అక్కడి ఉద్యోగులు జ్వరం వచ్చినా సోమవారం మీటింగు మాత్రం మానరు. భీమశంకరం లోపలికి అడుగుపెట్టేసరికి అందరూ చప్పట్లు కొట్టారు.

"కంగ్రాచులేషన్స్ భీమశంకరం గారూ," అన్నారు కమిషనర్ దైవాధీనం గారు. "ఏకగ్రీవంగా మిమ్మల్ని ప్రధాన సంఖ్య నోడల్ ఆఫీసరుగా నియమించుకున్నాం."

"దేనికండీ?"

లెక్కల అధికారి గవర్రాజు సర్క్యులరు చదివి వినిపించాడు. రాజధానిలో ఒక పెద్ద అధికారి ఎక్కడో సదస్సుకు వెళ్ళి, ఈ రోజుల్లో ప్రపంచంలోని రహస్యాల తాళాలన్నీ పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యల మీదే నడుస్తున్నాయని విని వచ్చారు. ఒకటితోనూ, తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగించబడనిది ప్రధాన సంఖ్య. "కావున ప్రతి పురపాలక సంఘమూ ఆర్థిక సంవత్సరాంతములోగా ఒక పెద్ద ప్రధాన సంఖ్యను కలిగియుండవలెను. విఫలమైనచో సంబంధిత నోడల్ అధికారి దూరప్రాంతమునకు బదిలీ చేయబడును."

ఆ చివరి వాక్యం విని భీమశంకరం కుర్చీ వెతుక్కున్నాడు. దూరప్రాంతం అంటే ఏమిటో అతనికి తెలుసు. ఏడేళ్ళు చేసి వచ్చాడు. కొండమీది ఊళ్ళో ఒక గది, ఒక స్టవ్వు, అడుగంటిన ఉప్మా. ఆ ఏడేళ్ళూ అతను తిన్నది తిండి కాదు, ప్రాయశ్చిత్తం. కాళ్ళావేళ్ళా పడి కిందటేడే ఇంటికి చేరాడు. హైమవతి ములక్కాడ పులుసు రోజూ వేడివేడిగా తినగలగడమే అతని దృష్టిలో పదోన్నతి. అది మళ్ళీ పోగొట్టుకునే ఓపిక అతనికి లేదు.

ఆ సాయంత్రమే డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరరు ముక్తేశ్వరి గారి దగ్గరికి పరుగెత్తాడు. విషయం విని ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుని, అతను మంచినీళ్ళు తాగేలోపు నలభై అంకెల సంఖ్య ఒకటి కాగితం మీద అచ్చు వేసి ఇచ్చింది.

"ఇది ప్రధాన సంఖ్యేనండీ? ఖాయమేనా?"

"ఖాయమే. ఒకటీ, అదీ తప్ప దేనితో భాగించినా శేషం మిగులుతుంది. తీసుకెళ్ళండి. ఇలాంటివి ఎన్నయినా ఉన్నాయి. అంతే లేదు వాటికి."

భీమశంకరం ఆ కాగితాన్ని ప్రసాదంలా రెండు చేతులా పట్టుకుని ఆఫీసుకు తెచ్చాడు. గవర్రాజు దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు.

"ఊరికే ఇచ్చిందా? ఊరికే ఎలా తీసుకుంటావయ్యా? టెండరు పిలవకుండా ఒక్కరి దగ్గరే సంఖ్య తీసుకుంటే రేపు ఆడిట్ వాళ్ళకి నువ్వు చెప్తావా సమాధానం?"

"పారదర్శకత," అన్నారు కమిషనర్ గారు, కళ్ళు మూసుకుని.

టెండరు నోటీసు కొత్తగా రాసే తీరిక ఎవరికీ లేక, వీధి దీపాలకు వేసిన పాత నోటీసులో దీపం అన్నచోటల్లా సంఖ్య అని మార్చారు. సంఖ్య తుప్పు పట్టరాదు. వానకు తడిసినచో విలువ తగ్గరాదు. పగటిపూట వెలుగుతూ ఉండరాదు. మూడేళ్ళలోగా మరే సంఖ్యతోనైనా భాగింపబడినచో సరఫరాదారు సొంత ఖర్చుతో మార్చి ఇవ్వవలెను.

టెండర్లు తెరిచిన రోజున మూడు కవర్లు ఉన్నాయి. కాలేజీ వారిది నలభై అంకెల సంఖ్య. గవర్రాజు దాన్ని చదువుతూ మధ్యలో ఒకసారి దారి తప్పి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. తర్వాతది బ్లీచింగ్ పౌడరు కాంట్రాక్టరు సత్తిరాజు బావమరిది వేసింది: ఏడు. మూడోది సాక్షాత్తూ సత్తిరాజుది: రెండు.

"రెండు!" అన్నాడు గవర్రాజు సంతోషంగా. "అందరికన్నా తక్కువ. సత్తిరాజుకే ఖాయం."

భీమశంకరం లేచి నిలబడ్డాడు. "అయ్యా, మనకు కావలసింది పెద్ద సంఖ్య కదండీ! తక్కువ చూసేది ధర విషయంలో గానీ..."

"రూల్లో ధర అని ఎక్కడుందయ్యా? 'తక్కువ అంకె వేసిన వారికి' అని ఉంది. నేను పుట్టకముందునుంచీ ఉన్న రూలు. నీ నలభై అంకెలావిణ్ణి ఒప్పుకుంటే, ఇంత చవగ్గా రెండు దొరుకుతుంటే అంత ఎక్కువకి ఎందుకు పోయావని అడగరూ?"

కమిషనర్ గారు మాత్రం అక్కడితో తృప్తిపడే మనిషి కాదు. ప్రభుత్వ ప్రయోజనం కాపాడటం ఆయన పద్ధతి. సత్తిరాజును పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టారు.

"ఏమయ్యా, ఇంకేమైనా తగ్గుతావా?"

"అయ్యబాబోయ్, ఉన్నవాటిల్లో ఇదే అట్టడుగండి. దీని కిందకి దిగితే ఒకటండి. ఒకటి ప్రధానం కాదంట, మా బుడ్డోడి పుస్తకంలో ఉంది. మీరు గట్టిగా అంటే ఇచ్చేత్తాను గానండి, రేపు బిల్లు కాడ గవర్రాజుగారే ఆపేత్తారు."

"ముక్కుసూటి మనిషి," అని కమిషనర్ గారు మెచ్చుకున్నారు.

ఇక మిగిలింది సర్క్యులరులోని 'పెద్ద' అన్న మాట. దాన్ని ఇంజనీరు ఒక్క నిమిషంలో తేల్చేశాడు. ఎంత పెద్ద అన్నది సర్క్యులరులో కొలత ఇవ్వలేదు కాబట్టి, ఎనిమిదడుగుల ఎత్తున సిమెంటుతో పోయిస్తే ఎవరూ చిన్నదనలేరన్నాడు. పది రోజుల్లో మునిసిపల్ పార్కులో, వాటరు ట్యాంకు పక్కన, ఎనిమిదడుగుల రెండు నిలబడింది. దూరం నుంచి చూసినవాళ్ళు బాతు బొమ్మ అనుకున్నారు. దగ్గరికొచ్చినవాళ్ళు కూడా కొందరు అలాగే అనుకుని పిల్లల్ని ఎక్కించి ఫొటోలు తీసుకున్నారు.

ముక్తేశ్వరి గారు ఒక సాయంత్రం వచ్చి, దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. చివరికి, "దీన్ని తీసిపారెయ్యడానికి లేదు లెండి," అంది. "సరి సంఖ్యల మొత్తం వంశంలో ప్రధానమైంది ఇదొక్కటే."

భీమశంకరం కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. ఆ వారం ఇంట్లో పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాడు.

మొదటి సర్క్యులరుకు అనుబంధం అప్పుడు వచ్చింది. "పైన సూచించిన ప్రధాన సంఖ్యను అత్యంత రహస్యముగా ఉంచవలెను. పురపాలక సంఘ పరిధి దాటించరాదు. బహిర్గతమైనచో నోడల్ అధికారి బాధ్యత వహించి దూరప్రాంతమునకు బదిలీ కాగలరు. రాష్ట్రస్థాయి తనిఖీ అధికారి త్వరలో పర్యటించెదరు."

మధ్యాహ్నానికల్లా సిమెంటు రెండు మీద నీలం రంగు టార్పాలిన్ కప్పించారు. సాయంత్రానికల్లా ఊళ్ళో ఉన్నవాళ్ళందరూ ఆ టార్పాలిన్ కింద ఏముందో ఒకరికొకరు చెప్పుకున్నారు. మర్నాడు కమిషనర్ గారు ఉత్తర్వు జారీ చేశారు: పురపాలక సంఘ పరిధిలో ఆ సంఖ్యను, ఏ భాషలోనైననూ, ఉచ్చరించుట నిషిద్ధం. ఏ సంఖ్యను అన్నది రహస్యం కాబట్టి ఉత్తర్వులో రాయలేదు. అయినా అందరికీ అర్థమైంది.

ఆనాటినుంచి భీమశంకరానికి కంటిమీద కునుకు లేదు. ఎక్కడ విన్నా అదే సంఖ్య. బస్టాండు దగ్గర టీకొట్టు అప్పారావు కేక పెట్టాడు: "వన్ బై టూ ఒకటీ!" భీమశంకరం రోడ్డు దాటి పరుగెత్తుకెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"బాబాయ్, ఆ మాట అనకు. నీకు పుణ్యముంటుంది."

"ఏ మాటండీ?"

"ఇప్పుడన్నావే, దాంట్లో మూడోది."

"టూనా?"

"మళ్ళీ అంటావేం!"

అప్పారావు గడ్డం గోక్కున్నాడు. "మరి ఒక టీ ఇద్దరికి పొయ్యాలంటే ఏమని అరవమంటారు?"

"వన్ బై ఇంకోటి అను."

ఇలా ఊరు సర్దుకుంది. సినిమా హాల్లో సెకండ్ షో ఆఖరాట అయింది. డాక్టరుగారు మందు బిళ్ళలు పొద్దున ఒకటి, సాయంత్రం ఆ ఒకటికి తోడు ఇంకొకటి అని రాశారు. బళ్ళలో ఆ ఎక్కం తీసేశారు. పిల్లలు చాలా సంతోషించి, రహస్యం ఇంకా గట్టిగా ఉండాలంటే పదమూడో ఎక్కం కూడా తీసెయ్యాలని వినతిపత్రం ఇచ్చారు.

అయినా నమ్మకం చాలక కమిషనర్ గారు నిపుణుల సంఘం వేశారు. ఊళ్ళో నిపుణురాలు ఒక్కరే కాబట్టి ముక్తేశ్వరి గారే అధ్యక్షురాలు, ఆవిడే సభ్యురాలు. ఆవిడకు అప్పటికే ఓపిక నశించింది.

"కమిషనర్ గారూ, ఆ లెక్కన ప్రతి సరి సంఖ్య కడుపులోనూ మీ రహస్యం ఉంది. నాలుగుని విప్పితే అదే. ఆరుని విప్పితే అందులోనూ అదే. ఊరంతా మీ తాళంచెవులు ఆరబోసుకున్నారు. వాటినీ మూసెయ్యండి మరి!"

కమిషనర్ గారు నిటారుగా కూర్చున్నారు. "గవర్రాజు గారూ, మేడమ్ గారి సూచన మినిట్సులో రికార్డు చెయ్యండి. తక్షణం అమలు."

ముక్తేశ్వరి గారు నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. అది కూడా మినిట్సులో రికార్డు చేశారు.

సరి సంఖ్యలు ఊరినుంచి వెళ్ళిపోయాయి. మునిసిపల్ ఆఫీసు గడియారంలో సగం అంకెలు చెరిపేశారు. పద్నాలుగో నంబరు ఇల్లు పదమూడు పక్కది అయింది. అది భీమశంకరం ఇల్లే.

"ఇంటికి నంబరు లేకపోతే గ్యాస్ బండ ఎలా వస్తుంది?" అంది హైమవతి. "పొద్దున ఆ అబ్బాయి పదమూడుకి అటు పక్క ఇంట్లో బండ దించి పోయాడు. వాళ్ళు తీసుకున్నారు కూడా."

"కొన్నాళ్ళు ఓర్చుకో. తనిఖీ అయిపోనీ. ఇదిగో, మీ ముగ్గురూ దీని మీద సంతకాలు పెట్టండి."

అది కుటుంబసభ్యుల వాంగ్మూలం. నోడల్ అధికారి మాకు సంఖ్యను చెప్పియుండలేదు, అది మాకు తెలియదు అని ఉంది. హైమవతి మొదటినుంచి చివరిదాకా చదివింది. ఆవిడ బి.ఏ. చదివే రోజుల్లో కూడా ప్రశ్నపత్రం పూర్తిగా చదవందే కలం ముట్టేది కాదు.

"మాకు తెలుసు కదండీ?"

"అధికారికంగా తెలీదు."

"అనధికారికంగా?"

"అనధికారికంగా మనింటికి రోజూ ఎన్ని పాల ప్యాకెట్లు వస్తాయో కూడా నీకు తెలీదు. సంతకం పెట్టు."

హైమవతి పెట్టింది. పదో తరగతి పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తున్న కూతురు చంద్రిక పెట్టింది. వెంకాయమ్మ వేలిముద్ర వేస్తూ, "ఏమిటో, మా కాలంలో తెలిసినవాళ్ళకి ఉద్యోగాలిచ్చేవారు," అంది.

తనిఖీ అధికారి గురువారం రైల్లో దిగాడు. పొడుగ్గా, సన్నగా, నవ్వు అంటే ఏమిటో ఎవరూ నేర్పని మనిషి. స్టేషను పక్క హోటల్లో టిఫినుకు కూర్చున్నాడు.

"ఇడ్లీ ప్లేటుకి ఎన్ని?"

"ఒకటండి, దాని పక్కన ఇంకొకటండి."

ఆయన సర్వరు ముఖం వంక చూశాడు. బయటికొచ్చి వీధుల వెంట నడిచాడు. ఇళ్ళ మీద ఒకటి, మూడు, అయిదు. ఆఫీసు గడియారంలో పదకొండు తర్వాత ఒకటి. గోళీలాడుతున్న పిల్లలను లెక్కపెట్టమంటే, "ఒకటి, హుష్, మూడు, హుష్, అయిదు," అన్నారు. 'హుష్' అన్నప్పుడల్లా పార్కులోని టార్పాలిన్ వైపు చూశారు.

పదకొండు గంటలకు కమిషనర్ గారి గదిలో అందరి ముందూ కూర్చుని ఆయన, "మీ సంఖ్య రెండు," అన్నాడు.

గవర్రాజు లేచి కిటికీ మూశాడు. భీమశంకరం తలుపు గడియ పెట్టాడు.

"ఎవరు... ఎవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదు. ఊరంతా కలిసి చెప్పకపోవడం వల్ల తెలిసింది. నడిచే ప్రతివాడూ ఒకే చోట పక్కకి తప్పుకుంటుంటే అక్కడ గొయ్యి ఉందని కొత్తవాడికి కూడా తెలుస్తుంది. సర్క్యులరు ప్రకారం నోడల్ అధికారి బదిలీ."

కమిషనర్ గారు అప్పటికప్పుడు ఉత్తర్వు టైపు చేయించారు. ఊరి పేరు అదే. కొండమీది ఊరు. భీమశంకరం కళ్ళ ముందు ఆ గది, ఆ స్టవ్వు, ఆ మాడిన ఉప్మా కదిలాయి. ఎక్కడినుంచి వచ్చిందో గానీ ఒక మాట నోటినుంచి ఊడిపడింది.

"అయ్యా, నేను వెళితే సంఖ్య కూడా నాతో వచ్చేస్తుంది కదండీ!"

"అంటే?"

"అది నా బుర్రలో ఉందండి. నేను ఊరు దాటితే అది ఊరు దాటినట్టే కదండీ. దారిలో బస్సు కండక్టరు ఎన్ని టిక్కెట్లు అంటాడు. నేను ఏమంటానో నాకే తెలీదు."

తనిఖీ అధికారి సర్క్యులరును, అనుబంధాన్ని పక్కపక్కన పెట్టుకుని చదివాడు. చదివి, తల పంకించాడు.

"నిజమే. సంఖ్యను పురపాలక సంఘ పరిధి దాటించరాదని ఉంది. బుర్రను ఇక్కడ అట్టేపెట్టి మనిషిని మాత్రమే పంపడానికి రూల్సులో వెసులుబాటు లేదు. కాబట్టి ఈయన్ని ఎన్నటికీ బదిలీ చెయ్యడానికి వీల్లేదు. సంఖ్య తెలిసిన అధికారి ఎవరైనా సరే, ఊరి పొలిమేర దాటరాదు. పదవీ విరమణ తర్వాత కూడా."

"ఎవరైనా సరే అంటే..." అన్నారు కమిషనర్ గారు నెమ్మదిగా. ఆయన సముద్రపు ఒడ్డున మంచి ఊరికి బదిలీ కోసం ఏడాదిగా ప్రయత్నిస్తున్నారు. అది దాదాపు ఖాయమైంది.

"మీరు కూడా. లెక్కల అధికారి, ఇంజనీరు కూడా. మామూలు జనానికి అధికారికంగా తెలియదు కాబట్టి వాళ్ళు స్వేచ్ఛగా తిరగొచ్చు. సరే, నా నివేదిక రాజధానికి వెళ్ళాక అందజేస్తాను. నాకు మూడు గంటలకు రైలుంది."

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. ఉద్యోగంలో చేరింది మొదలు ఆయన ముఖంలో అంత వెలుగు ఎవరూ చూడలేదు.

"ఉండేదండి," అన్నాడు. "సంఖ్య తమరికీ తెలిసింది కదండీ."

తనిఖీ అధికారికి గెస్ట్‌హౌసులో శాశ్వతంగా ఒక గది కేటాయించారు. ఇకమీదట సోమవారం మీటింగులకు ఆయన్ని కూడా పిలవాలని తీర్మానించారు.

ఆ రాత్రి భీమశంకరం అరటి ఆకులు కోసుకొచ్చి మరీ భోజనానికి కూర్చున్నాడు. పక్కన తల్లి, ఎదురుగా కూతురు. హైమవతి అందరికీ వడ్డించి తనూ కూర్చుంది. ములక్కాడ పులుసు, కందిపొడి, వేయించిన ఒడియాలు. మొదటి ముద్ద మింగి అతను గొంతు సవరించుకున్నాడు.

"ఇక ఈ జన్మలో నన్నీ ఊరి పొలిమేర ఎవరూ దాటించలేరు. బదిలీ అన్న మాటే లేదు. చచ్చేదాకా ఈ ఇల్లే, ఈ వంటే!"

"చల్లని మాట చెప్పావురా నాయనా," అంది వెంకాయమ్మ.

చంద్రిక తల్లి వైపు చూసింది. హైమవతి కూతురి ఆకులో నెయ్యి వేసి, గిన్నె మూత సరిగ్గా కూర్చుందో లేదో చూసి, అప్పుడు మాట్లాడింది.

"మంచిదే. ఇల్లెవరు కనిపెట్టుకుని ఉంటారా అని ఆలోచిస్తున్నాను. పొద్దున ఫలితాలొచ్చాయి. చంద్రికకి విశాఖపట్నంలో ఇంటర్ సీటు దొరికింది. హాస్టలు తిండి దానికి పడదు. మా అన్నయ్య మేడ మీద వాటా ఖాళీగా ఉంది. అత్తయ్యగారికి మోకాళ్ళ డాక్టరు కూడా అక్కడే. మేం ముగ్గురం వెళ్ళి ఉంటాం. నిశ్చయం చేసేశాను."

భీమశంకరం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మరి నేను?"

"మిమ్మల్ని కూడా అక్కడికే బదిలీ అడగమందామనుకున్నానండీ. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది కదా."

"మీరు మాత్రం ఎలా వెళతారు? మీకూ సంఖ్య తెలు..." అని నాలుక కరుచుకున్నాడు.

"మాకు తెలీదండీ. మీరేగా సంతకాలు పెట్టించుకున్నారు."

"నా భోజనం?"

"ఏడేళ్ళ అనుభవం ఉంది. మీకు నేను కొత్తగా నేర్పేదేముంది? పచ్చళ్ళు పెట్టి వెళతాను. జాడీల మీద పేర్లు రాసి ఉంటాయి, తడి చెయ్యి పెట్టకండి."

పులుసు చల్లారిపోతోంది. భీమశంకరం దీనంగా అడిగాడు.

"ఎన్నేళ్ళు?"

"ఇంటర్ ఎన్నేళ్ళో తెలీదా మీకు?" అంది హైమవతి, అతని ఆకులో ఇంకో ములక్కాడ ముక్క వేస్తూ. "మీరే చెప్పండి."

భీమశంకరం నోరు తెరిచాడు. వీధిలోకి చూశాడు. మూశాడు.

వెంకాయమ్మ కొడుకు మీద జాలిపడి, ఎడమచేతి వేళ్ళు ఎత్తి చూపించబోయింది. అతను ఎంగిలి చెయ్యి అని కూడా చూడకుండా ఆవిడ వేళ్ళు గట్టిగా మూసి పట్టుకున్నాడు.